హెరాల్డు కొన్న అల్లుడికి

పర్లాకిమిడి
శనివారం రాత్రి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పొద్దున్నే మీ అమ్మ ఫోన్ చేసింది. "అన్నయ్యా, వీడు గోపాలపురం నుంచి ఓ తుప్పు ముద్దని లారీ మీద తెచ్చి పెరట్లో దింపాడు. దాన్ని స్పోర్ట్స్ కారు చేస్తాడట" అని ఒకటే టెన్షన్. ఏం కారే అంటే ఆవిడకి తెలీదు. ఫోటో పెట్టమన్నాను. చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. స్టాండర్డ్ హెరాల్డు! అదీ రెండు తలుపులది! నీకెక్కడ దొరికిందిరా?

నేను బరంపురంలో మెకానిక్ షెడ్డులో చేరిన కొత్తలో ఒక డాక్టరుగారికి ఉండేది. బానెట్టు మడ్‌గార్డులతో సహా మొత్తం ముందుకి లేచేది. టైరు మీద కూర్చుని ఇంజను పని చేసుకోవచ్చు. ఇటలీ ఆయన మికెలోట్టి గీసిన బొమ్మ అది. మద్రాసులో 1961 నుంచి తయారుచేశారు, 948 సీసీ. నీ స్పోర్ట్స్ కారు పిచ్చి కూడా పూర్తిగా పిచ్చేం కాదు. 1962లో ఇంగ్లండులో హెరాల్డు చేసిన ట్రయంఫ్ వాళ్లు ఈ చాసీనే, అంటే కింది ఇనప చట్రాన్నే, కురచ చేసి స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు దింపారు. అంటే నీ పెరట్లో ఉన్నది దానికి అక్క.

టాపు కోయడానికి గ్రైండరు అద్దెకి తెస్తున్నావట. తెచ్చావంటే చెవి మెలిపెడతాను. హెరాల్డు టాపు బోల్టులతో బిగించిందిరా, విప్పితే వచ్చేస్తుంది. ఇంకోటి. యాభై ఏళ్లు దాటిన బండికి పాతకాలపు వాహనంగా 'వీఏ' నంబరు ఇచ్చే రూలు 2021లో వచ్చింది. చాసీ, బాడీ, ఇంజను మార్చకుండా ఉంటేనే ఇస్తారు. ఆ నంబరుతో రోజూ తిరగనివ్వరు కూడా, ప్రదర్శనలకీ ర్యాలీలకీ మాత్రమే. మారుతి ఇంజను దింపుదామనుకుంటే ఆ నంబరు మీద ఆశ వదులుకుని, ముందుగా ఆర్టీఓ దగ్గర అనుమతి తీసుకో. రెండూ కావాలంటే కుదరదు.

చిన్న సంగతులు గబగబా చెప్పేస్తాను. విప్పే ముందు ఫోటోలు తీసుకో. బోల్టులు హార్లిక్సు సీసాల్లో వేసి చీటీ అంటించు. కారు కింద ఇటుకలు పెట్టకు, ఇనప స్టాండ్లు కొను. దాని నట్లు అంగుళాలవి. అర అంగుళం నట్టుకి పదమూడు నంబరు పానా పడుతుంది గానీ మూలలు అరగ్గొట్టేస్తుంది, అంగుళాల సెట్టు వేరే తెచ్చుకో. బాడీ విప్పే ముందు తలుపు సందులు కొలిచి రాసుకో. వానల్లో రంగు వెయ్యకు.

తుప్పు మాత్రం తేలిగ్గా తీసుకోకు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది. అప్పుడు షెడ్డు రేకులు మీద పడ్డాయని అమ్మినాయన చెప్పాడన్నావట. అప్పట్నుంచీ ఉప్పుగాలి తింటూ పడుంది. పైన మెరిసే రేకు చూసి మురిసిపోకుండా కింద దూరి చాసీకి పక్కలకి పోయే చేతుల్ని స్క్రూడ్రైవరుతో పొడు. లోపలికి దిగిపోతే అదే నీ మొదటి ఖర్చు.

ఇక అసలు సంగతి. ఇంజను ముందు, బ్రేకులు తర్వాత అన్నావట మీ అమ్మతో. బ్రేకులు ముందు! అందులోనూ రబ్బరు ముందు.

1986లో నేనొక పాత కారు కొన్నాను. నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే, అన్నిటికీ కలిపి ఒకటే ఆయిలు లైను, నీ దానికున్నట్టే. షెడ్డులో మంచి పేరుంది అప్పటికి, కాస్త పొగరు కూడా ఉంది. బ్రేకులన్నీ విప్పి కొత్త రబ్బర్లు వేశాను. గిన్నెడు కిరసనాయిలు ముందు పెట్టుకోవడం, వచ్చిన ప్రతిదాన్నీ అందులో కడగడం మాకలవాటు. బేరింగులు, నట్లు, పిస్టన్లు, వాటితోపాటే ఆ కొత్త రబ్బరు కప్పులు కూడా. నేర్పినాయన అలాగే చేసేవాడు, నేనూ అలాగే చేశాను. మూడు రోజులు ఊళ్లో తిరిగాను, అద్భుతంగా ఉంది.

నాలుగో రోజు మీ అమ్మ తప్తపానిలో వేడినీళ్ల స్నానం చేస్తానంది. పెళ్లికి ముందు మాట. దిగపహండి దాటి ఘాటీ ఎక్కాం, స్నానం చేసింది, ఉసిరికాయలు కొనుక్కుంది. దిగేటప్పుడు బండి బరువుగా ఉంది, వెనక నుంచి ఎవరో పట్టి లాగుతున్నట్టు. నేనేమన్నానో తెలుసా? "చూశావా, నా బ్రేకు ఎలా పట్టుకుంటోందో!" అన్నాను. కాసేపటికి మీ అమ్మ "ఏదో మాడుతోందన్నయ్యా" అంది. కొండ మీద పోడు కాలుస్తున్నారులే అన్నాను. మళ్లీ అంది. విసుక్కున్నాను.

కిరసనాయిలు తగిలిన రబ్బరు ఉబ్బుతుంది. పెడలు నొక్కితే ఆయిలుని చక్రాలకి తోసే మాస్టర్ సిలిండర్లో, ఆయిలు వెనక్కి పోయే సన్నటి రంధ్రం ఒకటుంటుంది, ఉబ్బిన కప్పు దాన్ని మూసేసింది. కాలు తీసినా బ్రేకు వదల్లేదు. చక్రాల్లోని బ్రేకు షూలు డ్రమ్ములకి రాసుకుంటూనే ఉన్నాయి, ఆ వేడికి ఆయిలు మరిగి ఆవిరైంది. ఆవిరి నొక్కితే నలుగుతుంది గానీ చక్రాన్ని ఆపదు. మూడో మలుపులో కాలేస్తే పెడలు నేలకంటుకుంది. రెండో గేరు, మొదటి గేరు, గేరుబాక్సు ఏడ్చింది. హ్యాండ్‌బ్రేకు లాగితే అది కూడా ఆ కాలిన డ్రమ్ముల మీదేగా, అంతంతమాత్రం. కుడిపక్క లోయ. ఎడమపక్క కొండకి ఆనించేశాను. కాలవలో చక్రం పడి బండి ఒరిగి ఆగింది. ఉసిరికాయలు రోడ్డు మీద దొర్లుకుంటూ పోయాయి. ఆ చప్పుడు నాకిప్పటికీ గుర్తే.

మీ అమ్మ ఎడమచెయ్యి డాష్‌బోర్డుకి అడ్డం పెట్టింది. ఆ మోచెయ్యి పూర్తిగా చాపలేదని నువ్వు చిన్నప్పట్నుంచీ చూస్తున్నావు కదా. తప్తపాని మెట్ల మీద జారిపడ్డానని నీకు చెప్పి ఉంటుంది. మా నాన్నకీ అదే చెబుతానంది, లారీలో ఇంటికొస్తుండగా, నేను అడగకుండానే. అలాగే చెప్పింది. నాన్న నన్ను షెడ్డు మాన్పించేస్తాడని దాని భయం.

వారం తర్వాత సిలిండరు విప్పాను. కప్పులు నానబెట్టిన సెనగల్లా ఉబ్బి ఉన్నాయి. చాలాసేపు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. షెడ్డులో ఎవరికీ చూపించలేదు. "బ్రేకు ఫెయిలైంది" అన్నాను, అందరూ పాపం అన్నారు.

అంచేత, బ్రేకు రబ్బరుకి పెట్రోలు, డీజిలు, కిరసనాయిలు, ఇంజనాయిలు ఏదీ సోకకూడదు. స్పిరిటు గానీ కొత్త బ్రేకాయిలు గానీ వాడు. వేరే గిన్నె పెట్టుకో, చేతులు కడుక్కుని ముట్టుకో. పాత షూల దుమ్ము ఊదకు, అది ఆస్‌బెస్టాస్, తడిగుడ్డతో తియ్యి. బ్రేకు లైన్లో గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండరుకి దూరపు చక్రంతో మొదలుపెట్టు, అంటే వెనక ఎడమది. పెట్రోలు గొట్టాలు కూడా మార్చు, ఇథనాలు కలిపిన ఇప్పటి పెట్రోలుకి ఆ కాలం రబ్బరు తట్టుకోదు.

ఇంజను బలం పెంచడం ఆ తర్వాతే. దాని వెనక చక్రాల సంగతి కూడా గుర్తుంచుకో. మలుపులో జోరుగా పోతూ ఠక్కున యాక్సిలరేటరు వదిలితే చక్రం లోపలికి ముడుచుకుని వెనకభాగం ఎగదన్నుతుంది. సన్నగా తిడుతున్నాననుకోకు. నీ వయసులో నేను ఇంతకంటే వెధవనే. పదివేలు పంపుతున్నాను, మాస్టర్ సిలిండరు కిట్టుకి. వేరే దేనికీ కాదు, స్టీరింగుకి తోలు తొడుగు కొనకు.

సోమవారం బస్సులో వస్తున్నాను. అప్పటిదాకా డ్రమ్ములు విప్పకు. స్పిరిటు సీసాలు రెండు తెచ్చి ఉంచు. ఈ ఉత్తరం మీ అమ్మకి చదివి వినిపించొద్దు. కిరసనాయిలు సంగతి దానికి తెలీదు. బ్రేకుదే తప్పు అనుకుంటోంది ఇప్పటికీ. నేనే వచ్చి చెప్తాను.

మీ మామయ్య