ఒంటికి పడలేదా, ఒంటబట్టలేదా?

సందేహం: మా నాన్నగారికి హెర్నియా ఆపరేషన్‌లో మెష్ (సన్నని వల) వేశారు. నెల తిరక్కుండా అక్కడ వాచింది. అమ్మ ‘ఒంటికి పడలేదు’ అంటుంది, తమ్ముడు ‘ఒంటబట్టలేదు’ అంటాడు. పత్రికల్లో ఇలాంటివాటికి ‘దేహం తిరస్కరించింది’ అని రాస్తారు. ఏది ఒప్పు? – ఒక పాఠకురాలు, రాజోలు

సమాధానం: వాపు సంగతి డాక్టరుగారికి చూపించండమ్మా, మాట వరకు నేను చెబుతాను. మీ అమ్మగారిదే ఒప్పు.

మన కోనసీమలో ‘రొయ్యలు నాకు పడవు’ అనేవాళ్లు కనబడుతూనే ఉంటారు. కొత్తగా కాపురానికొచ్చిన పిల్లకి జలుబు చేస్తే ‘ఇక్కడి నీళ్లు పడలేదు’ అంటాం. పదేళ్లకి ఆ పిల్లే గోదారి యాసలో దెప్పడం మొదలెడితే ‘ఇక్కడి నీళ్లు ఒంటబట్టాయి’ అంటాం. నీళ్లు అవే, క్రియ వేరు. పడటమంటే సరిపడటం. ఒంటబట్టడమంటే ఒంట్లో ఇంకి కలిసిపోవడం. ‘ఒంటన్’లోని ద్రుతం (చివరి ‘న్’) వల్ల ‘పట్టు’ కాస్తా ‘బట్టు’ అయింది. చిక్కేమిటంటే వర్తమానంలో రెండూ ‘పడుతుంది’ అనే వినిపిస్తాయి. పడింది, పట్టింది అన్నప్పుడే తేడా బయటికొస్తుంది. మీ తమ్ముడు తడబడింది అక్కడేనేమో. కరిగే కుట్టుదారమైతే ఒంటబట్టిందనొచ్చు, పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన వల ఎన్నేళ్లున్నా ఒంటబట్టదు.

నా పేచీ అంతా ‘తిరస్కరించింది’తోనే. వేరేవాళ్ల కిడ్నీ పెడితే తిరస్కరించడం ఉంది. వలని దేహం తోసెయ్యదు, చుట్టుముడుతుంది. 1882లో ఇటలీలోని మెస్సినాలో మెచ్నికోవ్ అనే రష్యా జీవశాస్త్రవేత్త గాజులాంటి నక్షత్రచేప పిల్లలో గులాబీ ముల్లు గుచ్చి, మర్నాడు ముల్లు చుట్టూ కణాలు మూగి ఉండటం సూక్ష్మదర్శినిలో చూశాడు. ఇప్పుడు ఎలుకల కణాల్లో మెరిసే ప్రొటీన్ పుట్టించి, అవి బతికుండగానే రెండు ఫోటాన్ల (వెలుగు రేణువుల) సూక్ష్మదర్శినితో ఆ మూగడాన్ని చూస్తున్నారు. ముందు న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు, వెనకే బయటినుంచి వచ్చినవాటిని మింగే భక్షకకణాలు (మాక్రోఫేజ్‌లు). వల దారం మింగుడుపడక ఈ భక్షకకణాలు కొన్ని కలిసి ఒకే పెద్ద కణమైపోతాయి (పేరేమో భక్షకం, తినబోతే ఇదీ గతి!). ఆపైన కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులతో పొర కడుతుంది. ఆ పోగులైతే ఆ సూక్ష్మదర్శినిలో రంగు వెయ్యకుండానే కనిపిస్తాయట. ఈత ముల్లు కాల్లో విరిగితే ‘ముల్లు లోపలుండి గడ్డ కట్టింది’ అనే మనకి ‘పొర కట్టింది’ అనడం కష్టమా?

అన్నట్టు, వల నిలవాలంటే కండ దాని కన్నాల్లోకి పెరిగి పట్టుకోవాలి. కాబట్టి మీ తమ్ముడు ‘వల కండకి పట్టలేదు’ అంటే నేను కాదనను. ‘కి’ మాత్రం మరవొద్దనండి, ‘కండ పట్టలేదు’ అంటే మీ నాన్నగారు నొచ్చుకుంటారు.