గెగార్డ్ వెళ్ళే ముందు

చి. సుధకు పెద్దమ్మ ఆశీస్సులు.

అక్కడ ఆర్మేనియాలో మీ హాస్టల్ పిల్లలు వ్యాను మాట్లాడుకుని గార్ని, గెగార్డ్, సెవాన్ సరస్సు ఒక్కరోజులో చుట్టేద్దామంటున్నారని మీ అమ్మ చెప్పింది. అలా వెళ్తే ఫొటోలు మిగులుతాయంతే. గెగార్డ్ క్రైస్తవ మఠం ఒక్కటే పెట్టుకో. గార్ని గుడి ఎలాగూ దారిలోదే, తిరిగొచ్చేటప్పుడు చూడొచ్చు.

యెరెవాన్ నుంచి గార్ని దాకా మార్ష్రుత్కా, అంటే షేరు వ్యాను, ఉంటుంది. అక్కణ్ణుంచి టాక్సీ. పైన తిరుగు బండి దొరకడం కష్టం కాబట్టి రానూపోనూ, ఆగే సమయంతో సహా ఎక్కకముందే బేరం తేల్చుకో. పొద్దున్నే వెళ్ళు, టూరిస్టు బస్సులు రాకముందే. ఆదివారం పూజ బాగుంటుంది గానీ, మొక్కు తీర్చుకోను గొర్రెనో కోడినో తెచ్చేవాళ్ళూ ఉంటారు. నీకు అది పడదు, మామూలు రోజే మేలు.

శాలువా తీసుకెళ్ళు. జూలైలోనూ ఆ రాతిగదులు చల్లగానే ఉంటాయి. తల కప్పుకోలేదని నిన్నెవరూ ఆపరు, అయినా అక్కడి ఆడవాళ్ళు కప్పుకుంటారు, నువ్వూ కప్పుకో. బయటికొచ్చేటప్పుడు వాళ్ళు చర్చిలోని పూజావేదికకు వీపు చూపకుండా వెనక్కి నడుస్తారు. గడప చూసుకో!

1215 నాటి పెద్ద చర్చి దగ్గరే కాలమంతా గడపకు. అసలు సంగతి దాని పక్కన, మన ఉండవల్లిలాగా కొండనే తొలిచిన గదుల్లో ఉంది. ఒకదాంట్లో ఊటనీళ్ళు పారుతుంటాయి. లోపలికెళ్ళగానే ఫోను లైటు వెయ్యకు, చీకటికి కళ్ళు అలవాటుపడేదాకా నిలబడు. ప్రోషియన్ వంశపు ప్రభువుల సమాధి గదిలో గోడమీద గొలుసులు కట్టిన రెండు సింహాలు, వాటి నడుమ గొర్రెపిల్లను గోళ్ళతో పట్టిన గద్ద మెల్లగా తేలి కనిపిస్తాయి.

తరువాత బయటి మెట్లెక్కి, ఇరుకుదారిలోంచి 1288లో తొలిచిన పైగదికి వెళ్ళు. చాలామంది అక్కడిదాకా ఎక్కరు. ఎవరూ ప్రార్థనలో లేకపోతే ఒక్క షడ్జమం పట్టి నిలుపు. నువ్వు ఆపేశాక కూడా ఆ నాలుగు స్తంభాల మధ్య స్వరం ఇంకా తిరుగుతూనే ఉంటుంది. మీ సంగీతం టీచరు ఉంటే అక్కణ్ణుంచి కదలరు.

క్రీస్తును పొడిచిన ఈటెగా వాళ్ళు కొలిచేది ఒకప్పుడు ఇక్కడే ఉండేది. దానికోసం వెతక్కు, ఇప్పుడది ఆర్మేనియన్ చర్చికి ప్రధానపీఠమైన ఎచ్మియాడ్జిన్‌లో ఉంది.

బయట అవ్వలు గుండ్రటి తీపిరొట్టె, గాతా, అమ్ముతారు. ఒకటి ఇద్దరికి సరిపోతుంది. దండల్లా వేలాడే సుజుఖ్ ద్రాక్షరసం పాకంలో ముంచిన అక్రోట్లే, తినొచ్చు. ఊళ్ళో దుకాణాల్లో అదే పేరుతో మాంసం సాసేజీ కూడా అమ్ముతారు, అడిగి కొనుక్కో.

మీ పెద్దమ్మ