పంటి నొప్పికి రెండు రోజుల్లో 18 డోలో మాత్రలు.. ఆస్పత్రికి వెళ్లాలా?

ప్రశ్న: మా అమ్మకు 52 ఏళ్లు. పిప్పి పన్ను నొప్పికి రెండు రోజులుగా ఇష్టమొచ్చినట్టు డోలో 650 వేసుకుంది. ఖాళీ స్ట్రిప్పులు చూస్తే 18 మాత్రలు అయిపోయాయి. మధ్యలో జలుబు మాత్రలూ వాడింది. కొంచెం వికారం తప్ప బాగానే ఉన్నానంటోంది. ఆస్పత్రికి తీసుకెళ్లాలా?

జవాబు: తప్పకుండా తీసుకెళ్లాలి, అదీ వెంటనే. మీకు ఫోన్‌లో ఈ మాటే చెప్పాను. చాలా ఇళ్లలో జరిగే పొరపాటు కాబట్టి ఇక్కడా రాస్తున్నాను.

డోలోలో ఉండే మందు పారాసిటమాల్. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు ఇది రోజుకు 4 గ్రాములు దాటకూడదు. అమ్మగారికి డోలోతోనే రోజుకు 6 గ్రాముల దాకా పడింది. జలుబు మాత్రల్లో చాలావాటిలో ఉండేదీ ఇదే మందు.

"బాగానే ఉన్నాను" అన్న మాటను నమ్మకండి. మొదటి రోజు వికారం, వాంతులు తప్ప ఏమీ ఉండకపోవచ్చు. లివర్ దెబ్బతిన్న సంగతి రెండు మూడు రోజులకు బయటపడుతుంది. పారాసిటమాల్‌లో కొంత భాగం లివర్‌లో విషపదార్థంగా మారుతుంది. దాన్ని విరిచేది లివర్‌లోనే ఉండే గ్లుటాథయోన్ అనే పదార్థం. సరిగా తినకపోతే దాని నిల్వ తగ్గిపోతుంది. పంటి నొప్పితో ఆవిడ రెండు రోజులుగా ఏం తిని ఉంటారు చెప్పండి!

దీనికి మంచి విరుగుడు ఉంది, ఎన్-ఎసిటైల్‌సిస్టీన్. మూత తీస్తే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, భయపడకండి. సెలైన్‌లో కలిపి సుమారు 21 గంటలు ఎక్కిస్తారు. ఒకేసారి ఎక్కువ మింగినవారికి 4 గంటల తర్వాత రక్తంలో మందు ఎంతుందో చూస్తారు, 8 గంటల్లోపు విరుగుడు మొదలైతే లివర్ దాదాపు పూర్తిగా దక్కుతుంది. మీ అమ్మగారిలా విడతలుగా వేసుకున్నవారికి ఆ లెక్క సరిపోదు. మందు స్థాయితో పాటు ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బతిందా అని చూసే రక్తపరీక్ష), ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చూసే పరీక్ష) కూడా చూసి నిర్ణయిస్తారు. ఆలస్యమైనా ఈ మందు మేలే చేస్తుంది.

ఖాళీ స్ట్రిప్పులన్నీ, జలుబు మాత్రలవి కూడా వెంట తీసుకెళ్లండి. ఉప్పునీళ్లు పట్టించి వాంతి చేయించొద్దు. కళ్లు పచ్చబడితే కామెర్లని పసరు మందుకు పరుగెత్తొద్దు, అప్పటికే ఒక్కో గంటా విలువైనది. బండి దొరక్కపోతే 108కి ఫోన్ చేయండి.

ఎవరైనా మనసు బాగాలేక కావాలని మింగితే తిట్టకుండా, ఒంటరిగా వదలకుండా ఇలాగే ఆస్పత్రికి చేర్చండి. మనసులో బాధ చెప్పుకోవడానికి టెలి మానస్ నంబర్ 14416 ఉంది, తెలుగులోనూ మాట్లాడతారు.

ఇక ఆ పన్ను సంగతి. నొప్పికి ఇప్పుడు మరో మాత్ర ఏదీ సొంతంగా ఇవ్వకండి, ఆస్పత్రిలోనే అడగండి. లివర్ పరీక్షలు మామూలుగా వచ్చాక పంటి డాక్టర్‌కు చూపించి ఆ పిప్పి పన్నుకు వైద్యం చేయించండి.