రేసు గుర్రంలో పావు వాటా తీసుకోవచ్చా?

అన్నా, మీతో కలిపి ఫ్రెండ్స్ నలుగురు మలక్‌పేటలో రెండేళ్ల కోల్ట్ (మగ గుర్రప్పిల్ల) కొంటున్నారు, నోటి మాట మీద పావు వాటా ఇస్తామంటున్నారు, తీసుకోవాలా అని అడిగారు కదా. తీసుకోండి గానీ నోటి మాట మీద మాత్రం వద్దు. పార్టనర్‌షిప్‌లో మీ పేరు రేస్ క్లబ్బులో రిజిస్టర్ అవ్వాలి, లేకపోతే క్లబ్ లెక్కలో మీరు అసలు ఓనరే కాదు, రేపు ప్రైజ్ మనీ వచ్చినా ఫ్రెండ్ దయ మీదే.

కొనే రేటు చూసి మురిసిపోకండి, ట్రైనర్ ఫీజు, దాణా, లాడాలు, డాక్టరు ఖర్చు గుర్రం పరిగెత్తినా లాయంలో ఊరికే నిలబడినా నెలనెలా వస్తూనే ఉంటాయి, ఒకడు కట్టడం ఆపితే మిగతా ముగ్గురి మీద పడుతుంది, అందుకే ఎవడు మానేస్తే ఏంటి, అమ్మాలంటే ఎవరి మాట చెల్లుతుంది అన్నీ ముందే రాసుకోండి.

డబ్బులిచ్చే ముందు మీరు పెట్టుకున్న వెట్‌తోనే చూపించండి, అమ్మేవాళ్ల డాక్టర్‌తో కాదు. ముందుకాళ్ల మోకాళ్లకి ఎక్స్‌రే తీయించండి, ఎముక ఇంకా ముదరకుండా స్పీడ్ వర్క్ (వేగంగా పరిగెత్తించే ట్రైనింగ్) ఇస్తే దెబ్బతింటాయి. జనవరి 1 వస్తే అన్ని గుర్రాలకీ ఒక ఏడాది పెరిగినట్టే లెక్క, కాబట్టి ఏప్రిల్‌లో పుట్టింది కాగితం మీద రెండేళ్లదైనా ఒంట్లో ఇంకా పిల్లే. షిన్ (ముందుకాలి మోకాలి కింది ఎముక) నొప్పి వస్తే రెస్ట్ ఇవ్వాల్సిందే. అప్పుడు ట్రైనర్‌ని తొందరపెట్టే పార్టనర్ ఒకడు తయారవుతాడు చూడండి, అసలు తలనొప్పి వాడితోనే! దక్కన్ డెర్బీ (హైదరాబాద్‌లో జరిగే పెద్ద రేసు) కబుర్లు తర్వాత, రేసులు మానేశాక గుర్రాన్ని ఎవరు సాకుతారో కూడా ఆ కాగితంలోనే రాయించండి.