అద్దెకి తీసుకున్న ఆఫీసులో ఫైర్ సేఫ్టీ ఎవరి బాధ్యత, బిల్డింగ్ ఓనర్‌దా మనదా?

ఇద్దరిదీ. బెంగళూరులో ఆఫీసో షాపో అద్దెకి తీసుకున్నవాళ్ళు చాలామంది ఓనరే చూసుకుంటాడులే అనుకుంటారు, కానీ 1964 నాటి కర్ణాటక ఫైర్ ఫోర్స్ చట్టం అగ్నిప్రమాద జాగ్రత్తల గురించి చెప్పేటప్పుడు ఓనర్‌తో పాటు ఆ చోటుని వాడుకుంటున్నవాళ్ళని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. కారణం సింపుల్, మెట్లు, డక్ట్‌లు (వైర్లు, పైపులు అంతస్తుల మధ్య వెళ్ళే దారులు), పంపు ఓనర్ చేతిలో ఉంటాయి, లోపల పార్టిషన్ ఎక్కడ వేశారు, ఒక్క ప్లగ్‌కి ఎన్ని ఎక్స్‌టెన్షన్లు తగిలించారు అనేది మన చేతిలో ఉంటుంది.

మెట్ల దగ్గరుండే ఫైర్ డోర్‌నే చూడండి. గాలి రావట్లేదని దానికి 20 లీటర్ల వాటర్ క్యాన్ అడ్డం పెట్టి తెరిచి ఉంచుతారు, కానీ ఆ తలుపు పని మెట్లలోకి పొగ రాకుండా ఆపడం, అది తెరిచుంటే పై అంతస్తుల వాళ్ళు దిగే దారే పోతుంది. పొగే ముందు ప్రాణం తీస్తుంది, మంట తర్వాత. 2010 ఫిబ్రవరి 23న ఇక్కడి కార్ల్‌టన్ టవర్స్‌లో ఎలక్ట్రికల్ డక్ట్‌లో మంట పుడితే పొగ పై అంతస్తులకి పాకింది, 9 మంది పోయారు.

ఎక్కువమంది పొరబడేది ఎన్‌ఓసీ, అంటే ఫైర్ డిపార్ట్‌మెంట్ ఇచ్చే నిరభ్యంతర పత్రం దగ్గర. బిల్డింగ్‌కి ఎన్‌ఓసీ ఉంది కదా ఇంక మనకేం పని అంటారు, అది బిల్డింగ్‌లో ఉండాల్సిన ఏర్పాట్ల గురించి, మీరు నిన్న ఎగ్జిట్ ముందు పేర్చిన అట్టపెట్టెల గురించి కాదు. అందుకే లోపల మార్పు చేసిన ప్రతిసారీ మళ్ళీ ఒక రౌండ్ తిరిగి చూసుకోవాలి, ఎక్స్‌టింగ్విషర్ గేజ్‌లో ముల్లు ఆకుపచ్చ భాగంలో ఉందో లేదో కూడా.