ఇల్లు కొని అద్దెకిద్దామనుకుంటున్న మేనల్లుడికి

చిరంజీవి సూరిబాబును మావయ్య ఆశీర్వదించి రాయునది.

రింగ్ రోడ్డు దగ్గర డాబా ఇల్లు 45 లక్షలకు బేరం కుదిరేలా ఉందని, 35 లక్షలు లోను పెడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అద్దెతోనే కిస్తీ తీరిపోతుందన్నావట. లెక్క కట్టావా? కిందా పైనా రెండు పోర్షన్లు, ఒక్కోటి 8,500 చొప్పున నెలకు 17,000. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి 20 ఏళ్ళ లోనంటే కిస్తీ 30,000 దాటుతుంది. మిగతా 13,000 నీ జీతంలోంచే పోవాలి. మోటారు కాలిన నెల, పోర్షన్ ఖాళీగా ఉన్న నెల ఇంకా ఎక్కువ. అదే లోను 20 లక్షలైతే అద్దెకూ కిస్తీకీ ఇంచుమించు సరిపోతుంది. నేనైతే అంతదాకా ఆగుతాను, లేదా చిన్న ఇల్లు చూసుకుంటాను.

ఇక నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెబుతాను, మీ అత్త చెప్పేలోపల. కంటోన్మెంట్ ఇంట్లో మేడమీద ఓ స్కూలు మాస్టారు ఏడేళ్ళు ఉన్నారు. అద్దె ఒకటో తారీఖు దాటనిచ్చేవారు కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా డాబామీది ప్లాస్టిక్ ట్యాంకు లేచిపోయి పక్కింటి పెరట్లో పడింది. కరెంటు లేదు, మోటారు ఆడదు. ఆయనా, వాళ్ళబ్బాయీ వీధి బోరింగు నుంచి బిందెలతో నీళ్ళు మోసుకొచ్చి, ముందు మా వంటింట్లో పోసి తర్వాత పైకి తీసుకెళ్ళేవారు. అలాంటి మనిషిని, పక్కవీధిలో ఎవరికో ఎక్కువ అద్దె వస్తోందని విని, 2016లో ఒక్కసారిగా వెయ్యి పెంచమన్నాను. ఆయన ఒక్క మాట అనలేదు. జూన్ నెలాఖరుకి సామాను సర్దేసుకున్నారు.

అప్పటికి స్కూళ్ళు తెరిచేశారు. ఇళ్ళు మారేవాళ్ళంతా మే నెలలోనే మారిపోయారు. ఆ వెంటనే ఆషాఢం. ఆషాఢంలో కొత్తింట్లో పాలు ఎవరు పొంగిస్తారు? శ్రావణం వచ్చేదాకా తాళమే. నెలన్నర అద్దె 9,000 పోయింది, రంగులకీ రిపేర్లకీ 11,000 అయింది. ఏడాదికి 12,000 ఎక్కువ వస్తుందని ఆశపడి 20,000 వదిలించుకున్నాను. ఆ టు-లెట్ బోర్డు మీ అత్త ఇప్పటికీ దాచి ఉంచింది, నేను ఎవరికైనా సలహా చెప్పబోతే తీసి చూపిస్తుంది.

అందుకే అద్దె ఏడాదికి 5 శాతం పెరుగుతుందని మొదటి రోజే చెప్పి కాగితంమీద రాసుకో. ఖాళీ చేయించాల్సి వస్తే వేసవి సెలవుల్లో పడేలా చూసుకో. అగ్రిమెంటు మామూలుగా 11 నెలలకే రాస్తారు. గడువు అవ్వగానే కొత్తది రాయించు, బద్ధకించకు. అడ్వాన్సు నేను రెండు నెలలది తీసుకుంటాను. దాన్ని మాత్రం ఖర్చుపెట్టకు, అది నీ డబ్బు కాదు. ఖాళీ చేసే రోజు అడ్వాన్సు కోసం మనిషిని తిప్పించుకునే ఓనరు పేరు వీధంతా పాకుతుంది.

రెండు పోర్షన్లకీ ఒకే కరెంటు మీటరుంటే, రెండోది పెట్టించుకునే ఖర్చు కూడా బేరంలో కలిపి చూడు. మనకి యూనిట్లు పెరిగేకొద్దీ రేటూ పెరుగుతుంది కదా, రెండు కుటుంబాల వాడకం ఒకే బిల్లులో పడితే ఇద్దరికీ నష్టం. పైగా "వాళ్ళు ఏసీ వేస్తారు, మేము వెయ్యం" అనే పంచాయితీ నెలనెలా నీ గుమ్మంలోకి వస్తుంది.

చింతలవలస వైపు కాలేజీ కుర్రాళ్ళకిస్తే అద్దె ఎక్కువొస్తుందని నీకెవరో చెప్పారట. వస్తుంది, కాదనను. నాకు మాత్రం ఆ ఓపిక లేదు. సంసారులైనా, కుర్రాళ్ళైనా ఆధార్ కాపీ తీసుకో, ఎక్కడ పనిచేస్తున్నారో కనుక్కో. ఇంతకుముందున్న ఇంటి ఓనరుకి ఒక్క ఫోను చెయ్యి. కులం, తిండి అడిగి మంచి మనిషిని వదులుకోకు.

పన్ను సంగతి కూడా చెప్పేస్తాను. ఏడాది అద్దె లక్ష దాటితే, ఉద్యోగస్తుడు ఆఫీసులో చూపించడానికి నీ పాన్ నంబరు అడుగుతాడు. మొహం చిట్లించకుండా ఇచ్చెయ్. అద్దెని ఆదాయంగా చూపించు. అందులోంచి నువ్వు కట్టిన ఇంటిపన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం రిపేర్ల కింద బిల్లులేం లేకుండానే తగ్గిస్తారు.

ఈసీ (ఆ ఇంటిమీద జరిగిన అమ్మకాలూ తాకట్లూ చూపించే కాగితం), లింకు డాక్యుమెంట్లు (ఇల్లు ఇంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు), మున్సిపాలిటీ ప్లాను కాపీలు తీసుకుని ఆదివారం రా, ఇద్దరం కలిసి ఇల్లు చూసొద్దాం. పొద్దున్నే వెళ్ళి కుళాయికి ధార ఎలా వస్తోందో చూడాలి. టార్చిలైటు మర్చిపోకు, సంపు మూత తీసి లోపలికి చూడాలి.

మీ మావయ్య
విజయనగరం