సైట్ చుట్టూ గ్రీన్ నెట్ కడితే చాలా, రేకులు వేయాలా?

200 గజాల్లో జీ ప్లస్ టూ కడుతున్నాం, పక్క సందులోనే స్కూలుంది, మేస్త్రి గ్రీన్ నెట్ కట్టేస్తే చాలంటున్నాడు, నిజమేనా అని అడిగారు. చాలదండి. నేను వైజాగ్‌లో సైట్ సూపర్‌వైజర్‌గా చేస్తున్నా, రోజూ చూసేదే కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నా. నెట్ దుమ్ముకి, పైనుంచి రాలే చిన్న పెచ్చులకి పనికొస్తుంది గానీ మనిషిని ఆపదు, కొన్నాళ్ళు ఎండకి ఎండిందంటే పిల్లాడు వేలు పెట్టి లాగినా చిరిగిపోద్ది. రోడ్డు వైపు, సందు వైపు రేకులే వేయించండి, నెట్ పైన బిల్డింగ్‌కి కట్టించండి.

రేకులనగానే అందరూ మందం ఎంత, రేటెంత అని అడుగుతారు, అసలు సంగతంతా వాటిని నిలబెట్టే బాదుల్లో ఉంది. నెట్‌లోంచి గాలి వెళ్ళిపోద్ది, రేకు మాత్రం గాలినంతా మీదేసుకుంటుంది. బిల్డింగ్ డిజైన్‌కి ఎంత గాలి లెక్కేసుకోవాలో చెప్పే విండ్ లోడ్ కోడ్ ఐఎస్ 875లో హైదరాబాద్‌కి గాలి వేగం సెకనుకి 44 మీటర్లయితే మా వైజాగ్‌కి 50, అంటే గంటకి 180 కిలోమీటర్లు, 2014లో హుద్‌హుద్ తుఫాను చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. అంత గాలికి ఏ టెంపరరీ రేకూ ఆగదు, కానీ మే నెల ఈదురుగాలికైనా నిలబడాలి కదా. అందుకే సరుగుడు బాదులు ఆరడుగులకొకటి, గొయ్యి రెండడుగులకి తగ్గకుండా తీయించి, ఇటుక ముక్కలేసి దిమ్మిస కొట్టించి, లోపలివైపు ఏటవాలుగా ఒక్కో బాదు సపోర్టు కట్టించండి. బైండింగ్ వైరు కొసలు లోపలికి తిప్పించారా లేదా మీరే చెయ్యి పెట్టి చూసుకోండి, బయటికి వదిలేస్తే సరిగ్గా స్కూలు పిల్లల మొహం ఎత్తులో ఉంటాయి. రేకు మూలలు కూడా అంతే, మడత కొట్టించాలి. తుఫాను వార్నింగ్ వస్తే మాత్రం రేకులు విప్పించి పడుకోబెట్టి మీద బరువు పెట్టించండి, ఎగిరిన రేకు కత్తితో సమానం.

ఇక అన్నిటికంటే నాకు భయం సంపు గుంటంటే. వానాకాలం ఆ గుంట నిండిపోయి పైన సిమెంటు దుమ్ము, చెత్త తేలి పక్కనున్న మట్టి రంగులోనే కనిపిస్తది. ఒక సైట్‌లో సాయంత్రం లేబర్ వెళ్ళాక ఇద్దరు పిల్లలు బాల్ కోసం రెండు రేకుల మధ్య సందులోంచి దూరారు, అందులో చిన్నోడు నేరుగా ఆ గుంట మీదకే నడుస్తున్నాడు, వాచ్‌మెన్ భార్య కేకేసి పట్టుకుంది కాబట్టి సరిపోయింది. అందుకని బయట ఎంత ఫెన్సింగ్ ఉన్నా సంపుకి, సెప్టిక్ ట్యాంకు గుంటకి, లిఫ్ట్ పిట్ ఉంటే దానికి విడిగా చుట్టూ బాదులు కట్టించి, పైన సెంట్రింగ్ చెక్కలు పరిపించండి. ఎర్ర రిబ్బన్ కట్టేసి వదిలేయనివ్వొద్దు. ముందురోజు మోటారుతో నీళ్ళు తోడేశాం అన్నా ఒప్పుకోవద్దు, రాత్రి ఒక్క వాన చాలు మళ్ళీ నిండటానికి.

కరెంటు సంగతి చాలామంది వదిలేస్తారు. క్యూరింగ్ మోటారు వైరు, లైటు వైరు తీసుకెళ్ళి రేకులకే చుట్టేస్తారు, ఎక్కడైనా తొడుగు లేచిందంటే మొత్తం రేకుల వరసకి కరెంటు పాకుద్ది, బయట రోడ్డు మీద నడిచేవాళ్ళు చెయ్యి ఆనించినా షాకే. వైర్లు విడిగా చెక్క బాదుల మీద పైనుంచి లాగించండి, టెంపరరీ మీటరు దగ్గర 30 మిల్లీఆంపియర్ ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్, పెట్టించండి.

గేటు లోపలికి తెరుచుకునేలా పెట్టించండి, బయటికైతే సందులో పోయే సైకిళ్ళకి తగులుద్ది. సందు మలుపులో రేకులు ఎత్తుగా ఉంటే వచ్చే బండి కనపడదు, అక్కడ కొద్దిమేర రేకు బదులు మెష్ వేయించండి.

ఇంకోటి, శ్లాబులైపోయి గోడలు లేవగానే కాంట్రాక్టర్ రేకులు వేరే సైట్‌కి కావాలంటాడు. కాంపౌండ్ వాల్‌కి గేటు బిగించి, సంపుకి మూత పడేదాకా తీయకూడదని అగ్రిమెంట్లోనే రాయించుకోండి, ఇప్పుడే అయితే ఒప్పుకుంటాడు.